రసీదు తీసుకున్న కరుణ

తీర్పు ఎదుట నిలబడిన మనిషి దేవుడి నుంచి రెండు కోరుతాడు. ఆ రెండూ ఒకదానితో ఒకటి సులభంగా పొసగవు. తప్పు చేయనివాడికి న్యాయం కావాలి, చేసినవాడికి దయ కావాలి. కానీ చాలామంది విషయంలో తప్పూ ఒప్పూ విడదీయలేనంతగా కలిసిపోయి ఉంటాయి గనుక ఆ రెండూ ఒకేసారి కావలసి వస్తాయి. దోషిని విడిచిపెట్టే దేవుడు న్యాయమూర్తి ఎలా అవుతాడు, ప్రతి పనికీ తూచినట్లు ఫలితమిచ్చే దేవుడు దయామయుడు ఎలా అవుతాడు అన్న ప్రశ్న దేవుడిని నమ్మే మతాలన్నింటికీ ఎదురైనదే. పండితులు దీనికి భాష్యాలలో సమాధానాలు వెతికారు. సామాన్య తెలుగువారు మాత్రం గోల్కొండ కోటలో బందీగా ఉన్న ఒక రెవెన్యూ ఉద్యోగి కథలో తమ సమాధానాన్ని దాచుకున్నారు. ఆ ఉద్యోగి పేరు కంచెర్ల గోపన్న. లోకం అతన్ని భద్రాచల రామదాసుగా ఎరుగును.

గోల్కొండకు వెళ్ళే ముందు హైదరాబాదు ఉత్తరపు అంచున ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాన్ని ఒకసారి చూడటం ఈ ప్రశ్నకు ఉపకరిస్తుంది. 2016 అక్టోబరులో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా పరిధిలో మనుషుల న్యాయానికి, మనుషుల శిక్షకు, దేవుడి ప్రాయశ్చిత్తానికి సంబంధించిన మూడు స్థలాలు ఉన్నాయి. కరీంనగర్ రహదారి మీద శామీర్‌పేట వద్ద జస్టిస్ సిటీ అనే ప్రాంగణంలో, 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. దానికి రాష్ట్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తే కులపతి. చర్లపల్లిలో కేంద్ర కారాగారమూ, దాని పక్కనే ఖైదీలు సేద్యం చేసే ఆరుబయలు జైలూ ఉన్నాయి. కీసర కొండ మీద, రావణ వధ తర్వాత రాముడే ప్రతిష్ఠించాడని చెప్పే రామలింగేశ్వరుడు ఉన్నాడు. ఈ మూడూ ఒకే జిల్లాలో పడటం పాలనా విభజన వల్ల జరిగిన యాదృచ్ఛికమే, అయినా చర్చకు కావలసిన సామగ్రి అంతా అక్కడే ఉంది.

మొదట మనుషుల చట్టం సంగతి. న్యాయస్థానం శిక్ష వేసిన తర్వాత కూడా దయకు ఒక తలుపు తెరిచి ఉంచాలని భారత రాజ్యాంగ నిర్మాతలు భావించారు. 72వ అధికరణం రాష్ట్రపతికీ, 161వ అధికరణం గవర్నరుకూ శిక్షను క్షమించే, తగ్గించే, వాయిదా వేసే అధికారాన్ని ఇచ్చాయి. దీనినే వాడుకలో క్షమాభిక్ష అంటారు. 1993లో చిలకలూరిపేట సమీపాన దోపిడీ ప్రయత్నంలో బస్సు తగలబడి ఇరవై మందికి పైగా చనిపోయిన కేసులో ఉరిశిక్ష పడిన ఇద్దరు యువకుల విన్నపాన్ని మొదట రాష్ట్రపతి భవనం తిరస్కరించింది. రచయితలు, పౌరహక్కుల కార్యకర్తలు పెద్దయెత్తున ఉద్యమించిన మీదట 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దానిని యావజ్జీవ శిక్షగా మార్చారు. అయితే క్షమ అంటే తీర్పు తప్పని చెప్పడం కాదని, న్యాయస్థానపు నిర్ణయం రికార్డులో యథాతథంగానే ఉంటుందని సుప్రీంకోర్టు 1988లో కేహర్ సింగ్ కేసులో వివరించింది. 2006లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఏపూరు సుధాకర్ కేసులో ఆ కోర్టే మరొక అడుగు వేసి, కులం, మతం, రాజకీయ విధేయత వంటి కారణాలతో ఇచ్చిన క్షమను న్యాయస్థానం రద్దు చేయవచ్చని తేల్చి, గవర్నరు ఇచ్చిన శిక్ష తగ్గింపును కొట్టివేసింది. అంటే మనిషి దయ కూడా కారణం చెప్పుకోవాలి. కారణం లేని దయ మరొకరి పట్ల అన్యాయమవుతుంది. ఆ బస్సులో మరణించినవారి కుటుంబాలను తలచుకుంటే ఈ మాటలోని బరువు తెలుస్తుంది.

కీసరగుట్ట స్థలపురాణం ఇదే మాటను దేవుడికి వర్తింపజేస్తుంది. రావణుడు సీతను అపహరించినవాడు, యుద్ధంలో రాముడిది ధర్మపక్షమనడంలో పురాణానికి సందేహం లేదు. కానీ రావణుడు పులస్త్య వంశంలో విశ్రవసు మహర్షికి పుట్టిన బ్రాహ్మణుడు గనుక అతని వధ వల్ల రాముడికి బ్రహ్మహత్యా దోషం, అంటే బ్రాహ్మణుడిని చంపిన పాపం, అంటుకుంది. దానిని పోగొట్టుకోవడానికి రాముడు ఈ కొండ మీద శివలింగాన్ని ప్రతిష్ఠించదలచి, కాశీ నుంచి లింగాన్ని తెమ్మని హనుమంతుడిని పంపాడు. ముహూర్తం మించిపోతుంటే శివుడే ప్రత్యక్షమై లింగాన్ని ఇచ్చాడని, ఆలస్యంగా వచ్చిన హనుమంతుడు తాను తెచ్చిన నూటొక్క లింగాలను కోపంతో విసిరివేశాడని, కొండ మీద నేటికీ అక్కడక్కడ కనిపించే లింగాలు అవేనని చెబుతారు. హనుమంతుడి అలకను భక్తులు ముచ్చటగా చెప్పుకుంటారు గాని, కథలో అసలు విశేషం వేరొకటి. తీర్పు చెప్పే స్థానంలో ఉన్నవాడు, అవతార పురుషుడు, న్యాయమైన పనే చేసినవాడు, తనకు మాత్రం మినహాయింపు ఇచ్చుకోలేదు.   ఆ రాముడినే గోల్కొండలో ఒక ఖైదీ నిలదీశాడు.

గోపన్న ఖమ్మం ప్రాంతపు నేలకొండపల్లిలో పుట్టాడు. గోల్కొండను కుతుబ్‌షాహీ వంశంలో చివరివాడైన అబుల్ హసన్, అంటే జనం నోట తానీషా, 1672 నుంచి 1687 వరకు పాలించిన కాలంలో రాజ్యపు పగ్గాలు మంత్రి మాదన్న చేతిలో, ఆయన సోదరుడు అక్కన్న చేతిలో ఉండేవి. ఈ ఇద్దరూ గోపన్నకు మేనమామలని సంప్రదాయం చెబుతుంది. మేనమామల పలుకుబడితో గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారు అయ్యాడు. భద్రాచలంలో పోకల దమ్మక్క అనే గిరిజన భక్తురాలు పందిరి వేసి కొలుస్తున్న రామ విగ్రహాలకు గుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఖర్చు ఆరు లక్షల మొహరీలని కథ. ఆ డబ్బు ఎక్కడిదన్న చోటే కథనాలు చీలిపోతాయి. సర్కారుకు చెల్లవలసిన శిస్తును గుడికి వాడాడని కొందరు, పంట చేతికి వచ్చాక తీరుస్తామని రైతులు మాట ఇచ్చారని కొందరు, చందాలు పోగుచేశాడని మరికొందరు చెబుతారు.

భక్తులు ఈ చివరి మాటలను గట్టిగా పట్టుకోవడం సహజమే, కానీ కథ బలం శిస్తు డబ్బులోనే ఉంది. గోల్కొండ రాజ్యంలో ఇజారా పద్ధతి నడిచేది. అంటే ఒక ప్రాంతపు వసూళ్ళను ఎక్కువ మొత్తానికి పాడుకున్నవారికి అప్పగించి, ఒప్పుకున్న సొమ్మును ఖజానాకు కట్టించుకోవడం. 17వ శతాబ్దం తొలి దశకాల్లో మచిలీపట్నంలో ఉన్న ఆంగ్ల వర్తకుడు విలియం మెత్‌వోల్డ్ ఈ పద్ధతినీ, బకాయి పడిన అధికారులకు పడే దెబ్బలనూ తన వివరణలో నమోదు చేశాడు. గోపన్నకు జరిగింది మత విద్వేషం వల్ల జరిగినది కాదు; బకాయిదారుడైన ఏ ఉద్యోగికైనా ఆ రాజ్యంలో జరిగేదే అతనికీ జరిగింది. రాజుకు న్యాయమైన దావా ఉంది. గోపన్నకు శుద్ధమైన సంకల్పం ఉంది. డబ్బు మాత్రం రాముడి ఒంటి మీద ఉంది. దోషమూ నిర్దోషమూ ఇంతగా పెనవేసుకున్న కేసు దొరకడం కష్టం. శామీర్‌పేటలోని న్యాయ విద్యార్థులకు ఇది మంచి వాదప్రతివాదాల పోటీ అంశం కాగలదు.

పన్నెండేళ్ళు గోపన్న గోల్కొండ చెరలో ఉన్నాడని సంప్రదాయం. కోటలోని బాలాహిసార్ శిఖరానికి ఎక్కే దారిలో, ధాన్యపు కొట్టు అంబర్‌ఖానాకు దగ్గరగా, రామదాసు బందిఖానాగా చూపించే చీకటి గది ఉంది. దాని గోడ మీద రాముడు, హనుమంతుడు మొదలైన ఉబ్బెత్తు బొమ్మలు ఉన్నాయి, వాటిని ఖైదీయే చెక్కాడని అంటారు. ఆ చెరలో పుట్టాయని చెప్పే కీర్తనలు తెలుగు భక్తి సాహిత్యంలో వేరే రకానికి చెందినవి. అన్నమయ్య పాటలో దేవుడు ప్రియుడో ప్రభువో అయి దర్శనమిస్తే, రామదాసు పాటలో దేవుడు ఒక బాకీదారుడు. సీతకు చేయించిన పతకానికి, భరతుడికి చేయించిన పతకానికి, శత్రుఘ్నుడి మొలతాడుకు ఎంతెంత అయిందో అణా పైసలతో సహా అప్పజెప్పినంత పనిచేసి, ఆ నగలు పెట్టుకుని కులుకుతున్న దేవుడిని ఆ డబ్బు ఎవరు పెట్టారనుకున్నావని నిలదీస్తాడు. ఆ నిలదీతలో రాముడి తండ్రినీ మామనూ కూడా వదిలిపెట్టడు. అంతలోనే దెబ్బలకు ఓర్వలేక నోరు జారానని క్షమాపణ కోరుతాడు. మరో పాటలో రాముడితో మాట్లాడటం మాని సీతను ఆశ్రయించి, ఏకాంతంలో భర్తకు తన సంగతి చెప్పమని వేడుకుంటాడు. ఆయన పేరనే ఉన్న దాశరథీ శతకంలో ప్రతి పద్యమూ రాముడిని కరుణా సముద్రుడని పిలుస్తూ ముగుస్తుంది. లెక్కలు అడిగే కీర్తనా, కరుణను పిలిచే శతకమూ ఒకే మనిషివి.

ఈ ధోరణిని కొందరు భక్తుడి చనువు అని సరిపెడతారు. అది చాలదు. దేవుడు న్యాయవంతుడని నమ్మనివాడు ఆయన ముందు లెక్కల పుస్తకం తెరవడు; దయగలవాడని నమ్మనివాడు తిట్టిన నోటితోనే క్షమించమని అడగడు. ఫిర్యాదు కూడా విశ్వాసంలో భాగమేనని ఆ కీర్తనలు రుజువు చేస్తాయి. బైబిలులోని యోబు కథ తెలిసిన తెలుగు క్రైస్తవులకు ఈ గొంతు కొత్తది కాదు. ఆస్తి, సంతానం, ఆరోగ్యం పోగొట్టుకున్న యోబు తన స్నేహితులు చెప్పే ఓదార్పు సిద్ధాంతాలను తోసిపుచ్చి, దేవుడితోనే వ్యాజ్యం నడపాలని కోరతాడు. ఆ గ్రంథం చివర దేవుడు తప్పుపట్టింది యోబును కాదు, దేవుడి తరఫున తీయగా మాట్లాడిన స్నేహితులను.

రామదాసు సీతను మధ్యవర్తిగా పట్టుకోవడం వెనుక ఒక శాస్త్రం ఉంది. శ్రీవైష్ణవులు దానిని పురుషకారం అంటారు. అపరాధి తరఫున లక్ష్మి భగవంతుడికి సిఫారసు చేయడమని దాని అర్థం. తండ్రిగా, దండనాధికారిగా భగవంతుడిలో శాసించే స్వభావం, అనుగ్రహించే స్వభావం రెండూ ఉంటాయని, తల్లి అయిన లక్ష్మిలో దండించే స్వభావం లేదని, కనుక ఆమె ద్వారా వెళ్ళినవాడికి దయ ముందు కనిపిస్తుందని వారి వివరణ. అలా వెళ్ళేవాడు చేసే పనిని శరణాగతి లేదా ప్రపత్తి అంటారు. దానికి ఆరు అంగాలు చెప్పారు: దేవుడికి ఇష్టమైనది చేయాలనే సంకల్పం, ఇష్టం కానిదాన్ని వదలడం, ఆయన కాపాడతాడన్న విశ్వాసం, కాపాడమని నోరు తెరిచి అడగడం, తనను తాను ఆయనకు అప్పగించడం, తన వల్ల ఏమీ కాదన్న దైన్యం. వీటిలో మూడవదాన్ని మహావిశ్వాసమని ప్రత్యేకంగా పేర్కొంటారు, ఎందుకంటే తన తప్పులు తనకు తెలిసినవాడికి నిజంగా కష్టమైనది అదే. నాలుగవదీ గమనించదగినదే, దేవుడికి అన్నీ తెలుసు గదా అని ఊరుకోవడానికి ఈ శాస్త్రం ఒప్పుకోదు, అడగాలి.

అడగడం ఎంతవరకు అవసరమన్న దాని మీద శ్రీవైష్ణవం రెండు శాఖలుగా చీలింది. వడగలై వారు కోతిపిల్లను చూపించారు: తల్లి కోతి దూకుతుంది, పిల్ల పట్టు విడవకూడదు. తెంగలై వారు పిల్లికూనను చూపించారు: తల్లి పిల్లి నోట కరచుకుని తీసుకుపోతుంది, కూన చేయవలసింది ఏమీ లేదు. వడగలై వారికి పరమాచార్యుడైన వేదాంతదేశికులు (1268–1369) తిరుమల వేంకటేశ్వరుడి దయనే ఒక దేవతగా భావించి దయాశతకం రాశారు. ఆయన సంప్రదాయంలో వ్యాజం అనే మాట ముఖ్యమైనది. దేవుడు దయ చూపడానికి వెతుక్కునే చిన్న సాకు అని దాని భావం. సాకు ఎందుకు? బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం దేవుడి మీద పడగల రెండు నిందలను ఎత్తిచూపి ఖండిస్తుంది: ఒకటి వైషమ్యం, అంటే పక్షపాతం, రెండవది నైర్ఘృణ్యం, అంటే క్రూరత్వం. మనుషుల సుఖదుఃఖాలు వారి కర్మను బట్టే వస్తాయి గనుక దేవుడికి ఈ రెండూ అంటవని అక్కడి సమాధానం. ఏ సాకూ లేకుండా ఒకడిని తరింపజేసి మరొకడిని వదిలేస్తే పక్షపాతమనే నింద తిరిగి వస్తుంది. ఆ నిందకు తావు లేకుండా చేసేదే వ్యాజం. ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు గవర్నరు క్షమకు కారణం వెతికినట్లే, ఈ ఆచార్యులు ఆరు శతాబ్దాల ముందే భగవంతుడి క్షమకూ కారణం వెతికారు.

తెలుగు భాగవతంలో ఈ వాదం ఒక కోర్టు సన్నివేశంగానే జరుగుతుంది. ఆరవ స్కంధం పోతన రచన కాదు, ఏర్చూరి సింగన రచన. అందులో అజామిళుడి కథ వస్తుంది. ఆచారం వదిలి, దొంగతనాలతో బతికిన అజామిళుడు చావు ఘడియలో యమదూతలను చూసి భయపడి, నారాయణుడని పేరు పెట్టుకున్న చిన్న కొడుకును పిలుస్తాడు. ఆ పేరు విని విష్ణుదూతలు వచ్చి యమదూతలను అడ్డగిస్తారు. యమదూతలు ధర్మశాస్త్రాన్ని, పాపపుణ్యాలకు సాక్షులను, శిక్షా విధానాన్ని క్రమంగా వివరించి తమ అధికారాన్ని నిరూపిస్తారు. విష్ణుదూతలు నామస్మరణ ప్రాయశ్చిత్తమై పాపాన్ని కడిగిందని వాదిస్తారు. చాలామంది ఇక్కడితో కథ ఆపి, చివరి క్షణంలో ఒక పేరు పలికితే చాలని తేల్చేస్తారు. కానీ విడుదలైన అజామిళుడు వెంటనే వైకుంఠానికి పోలేదు. తన బతుకును తలచుకుని కుమిలి, ఇల్లు వదిలి, గంగాద్వారంలో చాలాకాలం సాధన చేసిన తర్వాతే అతనికి విమానం వచ్చింది. దయ అతనికి కోర్టు నుంచి విడుదలను ఇచ్చింది, దానితో పాటు గడువునూ ఇచ్చింది. ఆ గడువును వాడుకోవలసింది అతనే.

ఇక తీర్పరి వైపు చూడాలి. తానీషా రాజు కాకముందు హైదరాబాదులో సూఫీ గురువు షా రాజు శిష్యుడిగా ఆయన ఆశ్రమంలో ఏళ్ళ తరబడి గడిపాడు. గోపన్నను చెరలో పెట్టిన మనిషి తానూ ఒక తీర్పు ముందు నిలబడవలసి ఉందని నేర్చుకుని సింహాసనం ఎక్కినవాడు. ఖురాన్ మొదటి అధ్యాయం దేవుడిని అనంత కరుణామయుడని కొనియాడిన వెంటనే ప్రతిఫల దినానికి యజమాని అని పేర్కొంటుంది. ప్రళయ దినాన ప్రతి మనిషి కర్మలను త్రాసులో తూస్తారన్న విశ్వాసమూ, దేవుడి కరుణ ఆయన ఆగ్రహాన్ని మించినదన్న ప్రవక్త బోధా ముస్లిముల మనసులో పక్కపక్కనే ఉంటాయి. అందుకే విశ్వాసి భయానికీ ఆశకూ మధ్య నడవాలని సూఫీలు చెప్పారు. భయం ఒక్కటే అయితే నిరాశ, ఆశ ఒక్కటే అయితే నిర్లక్ష్యం. క్రైస్తవులు ఇదే చిక్కును మరో విధంగా విప్పారు: పాపానికి పడవలసిన శిక్ష పడకుండా పోలేదని, సిలువ మీద క్రీస్తు దానిని తన మీద వేసుకున్నాడని, కనుక న్యాయం నెరవేరింది, దయా నెరవేరిందని వారి విశ్వాసం. గుడ్ ఫ్రైడే నాడు మేడ్చల్ వైపు చర్చీలలో వినిపించే ప్రసంగాల సారం చాలావరకు ఇదే.

రామదాసు కథ ముగింపు ఈ సిలువ సిద్ధాంతానికి ఎంత దగ్గరగా వస్తుందో గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒకదాని ప్రభావం మరొకదాని మీద ఉందని చెప్పడానికి ఆధారం లేదు, ప్రశ్న ఒకటే గనుక సమాధానాలు దగ్గరపడ్డాయనుకోవాలి. ఒక రాత్రి రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకులుగా తానీషా పడక గదికి వచ్చి, తాము గోపన్న సేవకులమని చెప్పి, ఆరు లక్షల మొహరీలు కుప్ప పోసి, చెల్లుబడి రసీదు అడిగి తీసుకున్నారు. ఆ రసీదు చెరసాలలో నిద్రపోతున్న గోపన్న దగ్గరకు చేరింది. ఈ భాగం భక్తుల చెప్పుకోలు నుంచి వచ్చింది, ఆస్థానపు పత్రాల నుంచి కాదు. అయినా ఇంతటి కథను కల్పించుకున్న జనం ఏమి కల్పించుకోలేదో చూడాలి. రాముడు జైలు గోడలు పగలగొట్టలేదు. రాజును చంపలేదు, శపించలేదు, బాకీని మాఫీ చేయమని కలలో ఆజ్ఞాపించలేదు. ప్రభుత్వానికి రావలసిన సొమ్మును పూర్తిగా కట్టి, లెక్క తీరినట్లు కాగితం రాయించుకున్నాడు.

తాళ్ళపాక అన్నమయ్య కథతో పోలిస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. సాళువ నరసింహరాయలు తన మీద కూడా వేంకటేశ్వరుడి మీద పాడినట్లే పాడమంటే అన్నమయ్య (1408–1503) నిరాకరించాడని, రాజు సంకెళ్ళు వేయించాడని, కీర్తన పాడగానే అవి ఊడిపడ్డాయని ఆయన మనవడు చిన్నన్న రాసిన జీవిత చరిత్ర చెబుతుంది. అక్కడ రాజు కోరికే అన్యాయం, అన్నమయ్య ఎవరికీ ఏమీ బాకీ లేడు, కనుక సంకెల తెగడం తప్ప దేవుడు చేయవలసింది ఏమీ లేదు. గోపన్న విషయంలో సంకెల తెగి ఉంటే ఖజానాకు అన్యాయం జరిగేది. కథకులు ఈ రెండింటినీ కలిపేయలేదు. శాస్త్రం చదవని జనానికి కూడా దయకూ దగాకూ మధ్య గీత ఎక్కడ ఉందో బాగా తెలుసు.

అయినా ఒక ప్రశ్న మిగిలిపోయింది. కట్టదలచుకున్నవాడు మొదటి సంవత్సరమే ఎందుకు కట్టలేదు? పన్నెండేళ్ళ దెబ్బలకు రసీదు ఏ మూలకు సరిపోతుంది? ఈ ప్రశ్న జనాన్ని ఎంత బాధించిందంటే దానికి వారు ఒక చిలుకను పుట్టించారు. గోపన్న పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండేళ్ళు పంజరంలో బంధించాడని, ఆ కర్మ ఫలమే ఈ పన్నెండేళ్ళ చెర అని కథలో ఒక పిట్టకథ చేరింది. దేవుడి న్యాయానికి మచ్చ రాకుండా చూడటానికి భక్తులు చేసిన ప్రయత్నమిది, బ్రహ్మసూత్రం చెప్పిన కర్మ సమాధానానికి పల్లెటూరి రూపం. నిజం చెప్పాలంటే ఈ చిలుక కథ కీర్తనల ముందు నిలవదు. రామదాసు ఎక్కడా తన పూర్వజన్మను తలచుకుని ఊరట చెందలేదు. కొరడా దెబ్బ పడుతుంటే కారణం కోసం కాక జవాబు కోసం అడిగాడు. కష్టంలో ఉన్నవాడికి అతని కష్టం న్యాయమైనదని బయటివారు నిరూపించబోవడం యోబు స్నేహితులు చేసిన పనే.

చిలుక కన్నా గంభీరమైనది కథలోని మరో అంశం. రామలక్ష్మణులను కళ్ళారా చూసింది తానీషా; పన్నెండేళ్ళు పిలిచిన గోపన్న ఆ సమయంలో నిద్రలో ఉన్నాడు, అతనికి దక్కింది కాగితం. ఇది తెలిసి గోపన్న కుమిలిపోయాడని చెబుతారు. భక్తుడికి విడుదలనూ, బంధించినవాడికి దర్శనాన్నీ పంచిన ఈ లెక్క ఏ న్యాయసూత్రానికీ అందదు, రాజు పూర్వజన్మలో శివభక్తుడని మరో పిట్టకథ చేర్చినా సరే. తెలుగువారు తానీషాను ద్వేషించలేదనడానికి మాత్రం ఇది సాక్ష్యం. రాజు ఆ సొమ్మును తిరిగి ఇవ్వబోతే రామదాసు కొద్ది నాణేలు మాత్రమే పుచ్చుకున్నాడని, అవే భద్రాచలంలో రామమాడలుగా పూజలందుకుంటున్నాయని సంప్రదాయం. తానీషా ప్రారంభించాడని చెప్పే ముత్యాల తలంబ్రాలను శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం పట్టు వస్త్రాలతో పాటు ఇప్పటికీ పంపుతోంది.

తానీషాకు తన తీర్పు ఎంతో దూరంలో లేదు. 1686లో అక్కన్న, మాదన్నలు గోల్కొండ వీధుల్లో హత్యకు గురయ్యారు. ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలలు ముట్టడించిన తర్వాత 1687 సెప్టెంబరులో, లోపలివారి ద్రోహంతో తలుపు తెరుచుకుని కోట పడిపోయింది. మొగల్ సేనానులు తనను బంధించడానికి లోపలికి వచ్చినప్పుడు అబుల్ హసన్ తొణకకుండా వారిని పలకరించి, తన వేళ అయిందని భోజనం తెప్పించుకున్నాడని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. ఇలాంటి సమయంలో ముద్ద ఎలా దిగుతుందని వారు అడిగితే, పేదరికంలో ఉంచినదీ, తలవని తలంపుగా రాజ్యమిచ్చినదీ దేవుడేనని, తన తప్పుల వల్ల ఇప్పుడు ఆ రాజ్యాన్ని మరొకరి చేతికి ఇచ్చినదీ ఆయనేనని, అందుకూ కృతజ్ఞుడినేనని అన్నాడట. ఆ తర్వాత అతను దౌలతాబాద్ కోటలో, చనిపోయేవరకు, సుమారు పుష్కర కాలం బందీగా ఉన్నాడు. గోపన్న చెరకూ రాజు చెరకూ కాలం ఇంత దగ్గరగా సరిపోయినా, దీనిని దేవుడు వేసిన శిక్షగా చెప్పే తెలుగు కథ ప్రచారంలోకి రాలేదు. హరికథకులైనా, 1964లో రామదాసు తీసిన చిత్తూరు నాగయ్య అయినా, 2006లో శ్రీరామదాసు తీసిన రాఘవేంద్రరావు అయినా తానీషాను దర్శనం పొందినవాడిగానే వదిలిపెట్టారు.